పన్నెండు రోజుల సెలవు

టిక్కెట్టు మిషన్‌లో కాగితం చుట్ట అయిపోవచ్చినప్పుడు
అంచున గులాబీ గీత కనబడుతుంది.
ఆ చివరి మూరెడు చింపి దాచుకుంటాను,
లెక్కలకి.

గ్రెనడా.
ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు
నేవీ వాళ్ళ బాంబనుకున్నాను.
సాగర్‌నగర్‌లో ఎక్కి, సీట్లు ఖాళీ ఉన్నా
ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డ ఓడ కళాసీ తాతారావు నవ్వాడు.
కాదక్కా, దీవి. జాజికాయలు పండే దీవి.
మన చంటిగుంటల నాలిక్కి అరగదీసి రాస్తామే, అదే జాజికాయ.
ఆగస్టు రెండో సోమవారం, ఇంకా తెల్లారకముందే
ఊరు ఊరంతా వొంటికి నల్లటి నూనె పూసుకుని
నెత్తిన కొమ్ములు పెట్టి, గొలుసులు ఈడ్చుకుంటూ
రోడ్డుమీదకొస్తుంది.
తాతల్ని కట్టేసిన గొలుసులట అవి.
దొరలు దెయ్యాలన్నారు కదా,
అవును, దెయ్యాలమే, చూసుకోండీ అని.

మగోళ్ళేనా, అన్నాను.
ఆడోళ్ళూను. నీ ఈడువాళ్ళు కూడా.

మంగమారిపేటలో దిగాల్సిన ముసలాయన
స్టాపు దాటిపోయిందని నన్ను తిట్టాడు.
తప్పు నాదే.
విజిలు నోట్లోనే ఉండిపోయింది.

మా నాన్న పులి.
పండక్కి మూడు రోజులు పులి,
మిగతా ఏడాది హార్బర్లో బస్తాలు.
పసుపురంగు నూరింది నేను.
చారలకి మసి కలిపింది నేను.
తోక బురదలో పడకుండా వెనకాలే పట్టుకు నడిచింది నేను.
నాకూ ఒక్క చార గియ్యవా అంటే
ఆడపులి గుహలో ఉంటాదే, అన్నాడు.
అందరూ నవ్వారు, డప్పులవాళ్ళతో సహా.
రాత్రి కిరసనాయిలు గుడ్డతో
ఆ పులిని తుడిచేసిందీ నేనే.

సరే, లెక్క.
చిట్టీ పాడితే లక్షా డెబ్బయ్.
విమానం రానూపోనూ రెండు లక్షల పైమాటే,
హైదరాబాదు, లండను, అక్కణ్ణించి ఇంకోటి.
వీసా ఎవరిస్తారో డాబాగార్డెన్స్ ట్రావెల్స్ కుర్రాడికీ తెలీదు,
గోవా చూసేయకూడదా మేడమ్, అన్నాడు.
పాస్‌పోర్టు ఎంక్వయిరీకొచ్చిన కానిస్టేబులు
నా బస్సులోనే వచ్చాడు, టిక్కెట్టు తీయకుండా.
బట్టలకి ఖర్చు లేదు. పాత నైటీ చాలు.
హెల్మెట్ మా తమ్ముడిది.
కొమ్ముల సంగతి అక్కడికెళ్ళాక.
తక్కువ పడింది అరవై ఎనిమిది వేలు.
కాగితం అక్కడితో అయిపోయింది.

అత్తకి చెప్పాను.
శ్రావణ శుక్రవారం ఒకటి పోతుందని కూడా చెప్పాను.
ఎండుచేపలు తిరగేస్తూ చాలాసేపు మాట్లాడలేదు.
మరా నూనె దేంతో కడుక్కుంటారే, అంది.

తెలీదు.
తాతారావు ఫోను కలవడం లేదు,
ఏ సముద్రం మీద ఉన్నాడో.

సెలవు చీటీలో కారణం దగ్గర
సొంత పని అని రాశాను. కొట్టేసి, పండగ అని రాశాను.
ఆగస్టు పదికి ఏం పండగమ్మా అని
డిపో మేనేజరు కేలెండరు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

అక్కడ తెల్లారగట్ల నాలుగున్నరంటే
ఇక్కడ మధ్యాహ్నం రెండు.
రెండింటికి రోజూ నేను జగదాంబ సెంటర్లో ఉంటాను,
కాలేజీ పిల్లలు, పూర్ణామార్కెట్ సంచులు,
అయిదొందల నోటు తీసి చిల్లర నా బాధ్యతనే పెద్దమనిషి.

నిన్న మొదటి సర్వీసు.
మద్దిలపాలెం డిపోలో ఇంకా చీకటి.
బస్సు కిందనుంచి పాక్కుంటూ వచ్చిన మెకానిక్కు
చేతులు పీచుకి తుడుచుకుని టీకి వెళ్ళాడు.
డబ్బాలో వాడేసిన ఇంజనాయిలు.
రెండు వేళ్ళు ముంచాను.
సైడు అద్దంలో చూసుకుంటూ
ఎడమ చెంప మీద ఒక చార.
తర్వాత కుడి.
గోరువెచ్చగా ఉంది. నలభై ఏళ్ళుగా
చల్లగా ఉంటుందనుకున్నాను.

సన్నిబాబు స్టీరింగు దగ్గర్నించి అదే అద్దంలో చూశాడు.
పదకొండేళ్ళు నాతో బండి నడిపి
బ్రేకుల గురించి తప్ప మాట్లాడని మనిషి.
పీచు అందిస్తాడేమోనని చెయ్యి చాపాను.
అతను హారన్ కొట్టాడు, ఖాళీ డిపోలో,
ఆగి, మళ్ళీ రెండుసార్లు, ఆగి,
పులి ముందుకు దూకేటప్పటి దరువు.

సంచి భుజాన వేసుకుని
రైట్, అన్నాను.